పన్ను డబ్బుతో పరాయి దేశపు పేదకు సాయం: విశ్వాసి అడగవచ్చా?

గుండ్లకమ్మ | డల్లాస్ | ఆగస్టు 11, సోమవారం

అందరికీ వందనాలు.

నిన్న మా తెలుగు సంఘంలో ఆరాధన అయ్యాక ఒక ఉత్తరం చదివాం. మా కాంగ్రెస్ సభ్యుడికి, ఇద్దరు సెనేటర్లకు పంపాలని రాసింది. బయటి దేశాల్లోని పేదలకు, రోగులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని ఇంకా కోయొద్దని, కోసినదాన్ని తిరిగి ఇవ్వమని అందులో అడిగాం. పేజీ కూడా నిండదు. సంతకాల దగ్గరికి వచ్చేసరికి సగం మంది కార్ల దగ్గరికి వెళ్లిపోయారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. అందరూ ఇచ్చే చెయ్యి ఉన్నవాళ్లే. మొన్న ఊళ్లో గుడిసెలు కాలిపోతే రెండు రోజుల్లో డబ్బు పోగుచేసి పంపినవాళ్లే. వాళ్లు అన్నది ఒకటే మాట: "పేదలకు పెట్టడం సంఘం పని, గవర్నమెంటు పని కాదు."

ఆ మాట రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే నా విశ్వాసం పుట్టిందే గవర్నమెంటు కూలి డబ్బు దగ్గర.

మాది ఒంగోలు వైపు. 1876 నుంచి 78 దాకా వచ్చిన ధాత కరువు గురించి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఉండేవాడు. ఆయనకు సర్వే పని తెలుసు. ప్రభుత్వం కరువు పని కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే, అందులో మూడు మైళ్ల పైచిలుకు ముక్కను తనే కాంట్రాక్టుకు తీసుకున్నాడు. తన బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. ఆకలితో వచ్చిన మాదిగ కుటుంబాలకు అక్కడ పని దొరికింది, కూలి దొరికింది, తిట్టేవాడు లేడు. మా తాతకు తాత ఆ మట్టి తట్ట మోశాడని మా నాయనమ్మ చెప్పేది. ఆ కూలి ఎవరిది? ఖజానాది. ఆ మిషనరీ జేబులోని డబ్బుతోనే అంతమందిని బతికించి ఉండగలిగేవాడా? లేదు. అమెరికా నుంచి వచ్చే కానుకలు ఆ కరువు ముందు ఎన్ని రోజులకు సరిపోతాయి?

అదే కరువులో దీనికి రెండో వైపు కూడా ఉంది. ఖర్చు తగ్గించాలని రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనుల్లో మగమనిషి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు దించాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. దానితో రోజంతా మట్టి మోయాలి. దేశం మొత్తం మీద ఆ కరువులో 50 లక్షలకు పైగా చనిపోయారని చరిత్రకారుల అంచనా. అప్పుడు దానాలు చేసినవాళ్లు లేక కాదు. లండన్ మేయర్ పిలుపు మీద ఇంగ్లండులో చందాలు పోగయ్యాయి, మన జమీందార్లు గంజి పోయించారు. అయినా ప్రభుత్వం చెయ్యి వెనక్కి తీసుకున్న చోట ఆ ఖాళీని ఎవరూ పూడ్చలేకపోయారు.

అందుకే నేను సంతకం పెట్టాను. మీ మనసులో ఏముందో రాయండి.

మెరక పొలం | న్యూజెర్సీ | ఆగస్టు 11

తమ్ముడూ, నువ్వు రాసింది చదివి కళ్లు చెమ్మగిల్లాయి. అయినా నేను మీ సంఘంలో ఉండి ఉంటే సంతకం పెట్టేవాణ్ని కాదు. ఎందుకో చెప్తాను.

రెండో కొరింథీ తొమ్మిదో అధ్యాయం చూడు. సణుక్కుంటూ కాకుండా, బలవంతంగా కాకుండా, తన హృదయంలో నిశ్చయించుకున్న ప్రకారం ఇవ్వాలని పౌలు రాశాడు. పన్ను బలవంతం. కట్టకపోతే నోటీసు వస్తుంది, జైలు దాకా పోతుంది. నా పక్కింటాయన దేవుణ్ని నమ్మడు. ఆయన డబ్బు తీసుకెళ్లి నా విశ్వాసం పేరుతో ఇంకెక్కడో ఇవ్వమని అడగడానికి నాకేం హక్కుంది? ఇవ్వాలనుంటే నేనిస్తాను. నా దశమభాగంలోంచి ఇస్తున్నాను కూడా.

ఇంకోటి. తన ఇంటివారిని చూసుకోనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని మొదటి తిమోతి ఐదులో ఉంది. ఈ దేశం అప్పు 36 లక్షల కోట్ల డాలర్లు దాటింది. ఇక్కడే ఇళ్లు లేక వంతెనల కింద పడుకునేవాళ్లున్నారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టు ఉండకూడదు కదా.

గుండ్లకమ్మ | డల్లాస్ | ఆగస్టు 11

అన్నయ్యా, మీరు ఇస్తారని నాకు తెలుసు. ఆ వచనం కూడా నాకు ఇష్టమైందే. కానీ పౌలు అక్కడ రాస్తున్నది సంఘాలు పంపే కానుక గురించి. మోషే ధర్మశాస్త్రంలో పేదవాడి వంతు కానుక లెక్కలో లేదు.

పరిగె గుర్తు తెచ్చుకోండి. పొలం కోసేటప్పుడు అంచుల దాకా కోయొద్దు, రాలిన వెన్నులు ఏరుకోవద్దు, మరిచిపోయిన పన కోసం వెనక్కి వెళ్లొద్దు, అది పరదేశికి, తండ్రి లేనివాడికి, విధవరాలికి ఉండాలి. లేవీయకాండం 19, ద్వితీయోపదేశకాండం 24. ఇది ఆసామి మనసు కరిగితే జరిగే పని కాదు, చట్టం. పరిగె ఏరుకునే మనిషి ఆసామి గుమ్మంలో నిలబడి అడుక్కోనక్కర్లేదు. మా ఊళ్లో వేరుశనగ పీకాక, వరి కోశాక మా అమ్మ పరిగె ఏరేది. ఆసామి చూసి "రా అమ్మా" అన్న రోజు ఉంది, అదిలించిన రోజూ ఉంది. అదిలించిన రోజున మా అమ్మ ముఖం నేను చూశాను. ఆ ముఖం చూసినవాడికి, పేదవాడి వంతును ఇచ్చేవాడి ఇష్టానికి వదలకుండా దేవుడు చట్టంలో ఎందుకు పెట్టాడో అర్థమవుతుంది.

ఇంకా ఒక్క మాట. ఆ పరిగె ఏరుకుని బతికిన రూతు ఎవరు? మోయాబు ఆడపిల్ల, పరాయి దేశస్థురాలు.

ఇంటివాళ్ల విషయానికి వస్తే, అమెరికా ప్రభుత్వం వంద డాలర్లు ఖర్చుపెడితే విదేశీ సాయానికి పోయింది ఒక డాలరు, కొంచెం అటూ ఇటూ. సర్వేల్లో జనాన్ని అడిగితే సగటున పాతిక డాలర్లు పోతోందని అనుకుంటున్నారు. వంతెన కింద పడుకున్న మనిషికి ఇల్లు రాకపోవడానికి ఆ ఒక్క డాలరు కారణం కాదు అన్నయ్యా.

మాత్రల సీసా | హైదరాబాద్ | ఆగస్టు 12

నేను చర్చికి వెళ్లేవాణ్ని కాదు, ఈ మధ్య గుడికి కూడా తక్కువే. కానీ మీరు మాట్లాడుకుంటున్న డబ్బు చివరికి ఏ రూపంలో చేరుతుందో చేత్తో పట్టుకుని చూసినవాణ్ని, అందుకని రాస్తున్నాను.

నేను మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. హెచ్‌ఐవీ మాత్రలు. తెల్ల ప్లాస్టిక్ సీసా, పిల్లలు తీయలేని మూత, లోపల తేమ పీల్చే చిన్న పొట్లం. మూడు మందులు కలిపిన మాత్ర, రోజుకు ఒక్కటి. నెలకు 30 మాత్రల సీసా, తర్వాత మూడు నెలలకు సరిపడే 90 మాత్రల సీసా కూడా వచ్చింది. లేబుల్ మీద ఇంగ్లీషుతో పాటు ఒక్కోసారి ఫ్రెంచి, పోర్చుగీసు కూడా ఉండేవి. మొదట్లో అవి ఎవరి కోసమో మాకు తెలియదు. ఒకసారి ట్రైనింగ్‌లో మేడం చెప్పారు: ఈ సీసా మొజాంబిక్ వెళ్తుంది, దాన్ని తీసుకోవడానికి ఒక తల్లి పది కిలోమీటర్లు నడిచి వస్తుంది, మూత సరిగా పడకపోతే మాత్ర చెమ్మెక్కుతుంది అని. ఆ రోజు నుంచి మా లైనులో మూత చెక్ చేసే అమ్మాయి పక్కకు చూసేది కాదు.

2000 ప్రాంతంలో ఈ వైద్యానికి ఒక మనిషికి ఏడాదికి 10 వేల డాలర్ల పైన అయ్యేది. 2001లో ముంబయి కంపెనీ సిప్లా ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానంది. ఇప్పుడు యాభై డాలర్ల లోపే వస్తుంది. హైదరాబాద్ కంపెనీలు అరబిందో, హెటెరో లాంటివి కూడా ఈ సరఫరాలో పెద్ద చెయ్యే. కొనేవాళ్లలో చాలా పెద్దది, ఎయిడ్స్ మీద అమెరికా ప్రభుత్వం నడిపే కార్యక్రమం పెప్‌ఫార్. ఏళ్ల తరబడి కొంటాననే నమ్మకమైన కొనుగోలుదారు ఉంటేనే ఫ్యాక్టరీ లైను నడుస్తుంది, ధర దిగుతుంది. చందాల డబ్బు ఈ ఏడాది వస్తుంది, వచ్చే ఏడాది రాదు. ఈ మాత్ర మాత్రం ఒక్క నెల కూడా ఆగకూడదు. ఆగితే వైరస్ మళ్లీ పెరుగుతుంది, మందుకు లొంగకుండా మొండికేస్తుంది.

మెరక పొలం | న్యూజెర్సీ | ఆగస్టు 12

ఈ సంగతి నాకు కొత్త, బాబూ. థాంక్స్. పెప్‌ఫార్ వరకు నాకూ అభ్యంతరం తక్కువే.

గుండ్లకమ్మ | డల్లాస్ | ఆగస్టు 12

అన్నయ్యా, ఆ పెప్‌ఫార్ ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. అది సంఘాలు అడిగితే వచ్చింది. 2003 జనవరి 28న అధ్యక్షుడు బుష్ కాంగ్రెస్ ముందు ప్రకటించారు, ఐదేళ్లకు 1,500 కోట్ల డాలర్లు అని. అంతకు ముందు 2001లో ప్రమాణ స్వీకారం రోజునే, బైబిల్ కథలోలాగా యెరికో దారిలో గాయపడిన బాటసారిని చూసి అవతలి పక్కగా వెళ్లిపోము అని మాటిచ్చారు. సెనేటర్ జెస్సీ హెల్మ్స్ విదేశీ సాయం అంటేనే మండిపడే మనిషి. 2002లో సువార్తికుడు ఫ్రాంక్లిన్ గ్రాహం పెట్టిన ఎయిడ్స్ సదస్సులో, ఇన్నాళ్లూ దీని గురించి పెద్దగా ఏమీ చేయనందుకు సిగ్గుపడుతున్నానని ఆయనే అన్నారు. అప్పటికి ఆఫ్రికాలో ఈ మందు అందుతున్నవాళ్లు 50 వేల మంది. 2024 నాటికి పెప్‌ఫార్ సాయంతో మందు వేసుకుంటున్నవాళ్లు 2 కోట్ల మందికి పైగా. రెండున్నర కోట్ల ప్రాణాలు నిలిచాయని అమెరికా ప్రభుత్వమే లెక్క చెప్పింది.

ఒక మొండి మనిషి మనసు మార్చుకుంటే ఎంతమంది బతికారో చూడండి. మా ఉత్తరం కూడా అలాంటి ఒక మనసు కోసమే.

కోనసీమ | రాజమండ్రి | ఆగస్టు 12

నేను హిందువుని. ఈ చర్చ బాగుంది కాబట్టి వచ్చాను, నా మాట కొంచెం కటువుగా ఉంటే మన్నించాలి.

మా గోదావరి వాళ్లకు డొక్కా సీతమ్మ గారి పేరు చెబితే చాలు. లంకల గన్నవరంలో ఆ తల్లి ఏ వేళకు వచ్చిన బాటసారికైనా అన్నం పెట్టింది. కులం అడగలేదు, ఊరు అడగలేదు. తైత్తిరీయ ఉపనిషత్తులో చెప్పిన "శ్రద్ధయా దేయం" (శ్రద్ధతో ఇవ్వాలి) అంటే మాకు ఆవిడే. కాబట్టి దానం గురించి మాకు అనుమానం లేదు. అనుమానం వేరే ఉంది. బియ్యం మూట వెనకాల మతం వస్తుందని. పేదరికంలో ఉన్న మనిషికి అన్నం పెట్టి, ఆ తర్వాత నా దేవుణ్ని నమ్ము అంటే, అది దానమా? ప్రభుత్వ ఖజానా డబ్బు మిషన్ సంస్థల చేతుల మీదుగా పోతే ఈ భయం ఇంకా ఎక్కువ. దీనికి మీరు సూటిగా జవాబు చెప్పాలి.

గుండ్లకమ్మ | డల్లాస్ | ఆగస్టు 12

కటువేం లేదండీ, అడగాల్సిన ప్రశ్నే. సూటిగానే చెప్తాను.

క్లౌ దొర కథలో నేను మొదట రాయని ముక్క ఇదే. కరువు నడిచిన కాలమంతా ఆయన బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశాడు. బియ్యం కోసం ఎవరూ రాకూడదని. జనం అడిగినా కాదన్నాడు. కరువు పనులు ముగిసి, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని తెలిశాకే మొదలుపెట్టాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజు 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. నేను ఇక్కడ పెట్టుకున్న పేరు ఆ ఏరుదే. అయినా ఆకలికీ నమ్మకానికీ మధ్య గీత ఎప్పుడూ అంత శుభ్రంగా ఉంటుందని నేను అనను. కరువు మనుషుల్ని ఎటు తోస్తుందో ఆ దేవుడికే తెలియాలి. కానీ గీత గీయాలని ఆయనకు తెలుసు.

ఈ కాలం సంగతి: అమెరికా ప్రభుత్వ విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ డబ్బు తీసుకున్న మత సంస్థలు ఆ డబ్బుతో ప్రార్థనలు, బోధన, మత ప్రచారం చేయకూడదని నిబంధన ఉండేది. సాయం పొందేవాడి మతం చూసి కాదనకూడదు. ఇది నా మటుకు ప్రభుత్వ డబ్బుకు అనుకూలమైన వాదన. కానుకల డబ్బుకు ఇలాంటి కాపలా ఉండదు.

పాత బడి | ఒంగోలు | ఆగస్టు 13

రిటైరైన టీచరమ్మని. నా చిన్నప్పటి సంగతి ఒకటి రాస్తాను.

బళ్లో మధ్యాహ్నం ఉప్మా పెట్టేవాళ్లు. పసుపుపచ్చగా ఉండే మొక్కజొన్న నూక, అమెరికా నూక అనేవాళ్లం. కేర్ సంస్థ ద్వారా వచ్చేది. ఆ గోతం మీద కరచాలనం చేస్తున్న రెండు చేతుల బొమ్మ ఉండేది. ఆ చేతులు ఎవరివా అని మేం పందెం వేసుకునేవాళ్లం. ఆయా పెద్ద గుండిగలో తిప్పుతుంటే వాసన తరగతిలోకి వచ్చేది, ఇక లెక్కలు బుర్రకెక్కేవి కావు. బాదం ఆకులోనో, తెచ్చుకున్న సత్తు గిన్నెలోనో పెట్టేవాళ్లు. నేను సగం తిని, సగం గిన్నెలో మూతపెట్టి తమ్ముడికి తీసుకెళ్లేదాన్ని. ఉప్మా పెట్టిన రోజుల్లో మా వీధి ఆడపిల్లలందరూ బడికి వచ్చేవాళ్లు. నూక రాని వారం సగం మంది రారు.

ఎవరూ మమ్మల్ని ఏ ప్రార్థనా చేయమనలేదు. మా క్లాసులో సాయిబుల పిల్లలు, కోమట్ల పిల్లలు, మేము, అందరం వరసగా కూర్చునేవాళ్లం. కోనసీమ గారూ, ఇప్పుడు మన ఆంధ్రలో బడి భోజనానికి పెట్టిన పేరు డొక్కా సీతమ్మ గారిదే కదా. ఒక తల్లి తన ఇంట్లో, తన చేత్తో మొదలుపెట్టింది. ఇవాళ అది ఖజానా డబ్బుతో లక్షల పిల్లలకు అందుతోంది. పన్నుతో పెడుతున్నారు కాబట్టి ఆవిడ పుణ్యం పోయిందని ఎవరైనా అంటారా?

కోనసీమ | రాజమండ్రి | ఆగస్టు 13

టీచరు గారూ, ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. నమస్కారం.

కర్నూలు భాయ్ | జెడ్డా | ఆగస్టు 13

అస్సలాము అలైకుమ్. మా దీన్‌లో జకాత్ మనసైతే ఇచ్చే చందా కాదు, బాధ్యత. పొదుపులో రెండున్నర శాతం. ఖురాన్ తొమ్మిదో సూరా అరవయ్యో ఆయత్‌లో అది ఎవరికి వెళ్లాలో ఎనిమిది వర్గాలు చెప్పారు. అందులో దాన్ని వసూలు చేసే ఉద్యోగులు ఒక వర్గం, దారిలో చిక్కుకున్న బాటసారి ఒక వర్గం. అంటే వసూలుకు ఒక వ్యవస్థ ఉండాలనే అర్థం. జకాత్ కట్టం అన్న తెగల మీద మొదటి ఖలీఫా అబూబకర్ యుద్ధమే చేశారు. కాబట్టి మెరక పొలం అన్నగారి "బలవంతం" మాట మా దగ్గర అంత బలంగా నిలబడదు. ఇచ్చేవాడి నియ్యత్, అంటే సంకల్పం, అతని దగ్గరే ఉంటుంది, తీసుకునేవాడి హక్కు చట్టంలో ఉంటుంది.

ఒక విషయం మాత్రం మెరక పొలం అన్నగారి వైపు ఉంది. యెమెన్‌కు తన అనుచరుడు ముఆజ్‌ను పంపినప్పుడు ప్రవక్త చెప్పింది, అక్కడి ధనికుల దగ్గర తీసుకుని అక్కడి పేదలకే ఇవ్వమని. ముందు దగ్గరివాళ్లు. దగ్గరివాళ్ల అవసరం తీరాక, లేదా దూరాన కరువు వచ్చినప్పుడు, బయటికి పంపవచ్చని పండితులు చెప్తారు. ఏదైనా పంపడమే ఆగిపోవాలని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మెరక పొలం | న్యూజెర్సీ | ఆగస్టు 13

అందరూ నన్ను మర్యాదగానే మూలకు తోస్తున్నారు, సంతోషం. కానీ నా అసలు బాధ ఇంకా చెప్పలేదు.

నేను వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చాను. మా పొలం మెరక, వానొస్తేనే పంట. పక్క జిల్లా నుంచి చవక సరుకు లారీల్లో దిగిన ఏడాది మా నాన్న కల్లంలోనే కూలబడ్డాడు. అందుకే హైతీ సంగతి చదివినప్పుడు నాకు వేరేగా తగిలింది. అమెరికా సబ్సిడీ బియ్యం అక్కడ వచ్చి పడితే వాళ్ల వరి రైతు మునిగిపోయాడు. 2010లో బిల్ క్లింటన్ స్వయంగా సెనేట్ కమిటీ ముందు అది తప్పని ఒప్పుకున్నాడు. అమెరికా ఆహార సాయంలో ఎక్కువ భాగం అమెరికా రైతు దగ్గరే కొనాలి, అందులో సగం అమెరికా ఓడల్లోనే పంపాలి. ఇది పేదకు పెట్టే అన్నమా, షిప్పింగ్ కంపెనీకి పెట్టే అన్నమా?

మీరు ఐగుప్తులో ఫరో కింద అధికారిగా ఉన్న యోసేపు గురించి ఎత్తలేదు కానీ ఎవరో ఒకరు ఎత్తుతారు. ఏడేళ్లు ఐదో వంతు పంట ప్రభుత్వం తీసి దాచింది, కరువులో దేశదేశాల వాళ్లు ఐగుప్తుకు వచ్చి కొనుక్కున్నారు అని. నిజమే. కానీ ఆదికాండం 47వ అధ్యాయం దాకా చదవండి. చివరికి ప్రజలు పశువులు, పొలాలు, ఆఖరికి తమను తాము ఫరోకు అమ్ముకున్నారు. ధాన్యం తాళం రాజు చేతిలో ఉంటే జరిగేది అదే.

వేరుశనగ | అట్లాంటా | ఆగస్టు 13

మాది అనంతపురం. మెరక పొలం బాబాయ్ గారి బాధ నాకు తెలుసు. అయినా సాయం అంతా ఒక రకంగా ఉండదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. తీవ్రంగా చిక్కిపోయిన పిల్లలకు ఇచ్చే ప్యాకెట్ ఒకటి ఉంది. 92 గ్రాములు, 500 కేలరీలు. వేరుశనగ ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు. నీళ్లు కలపనక్కర్లేదు, వండనక్కర్లేదు. మూల చింపి పిల్లాడి నోట్లో పెడితే చప్పరిస్తాడు. నేను ఒకటి చింపి రుచి చూశాను. మా అమ్మమ్మ రోట్లో దంచిన చిమ్మిలి గుర్తొచ్చింది. ఆస్పత్రిలో పడుకోబెట్టకుండా ఇంటి దగ్గరే పిల్లాడు కోలుకుంటాడు. ఇది అమెరికాలో జార్జియాలోనూ తయారవుతుంది, ఆఫ్రికా దేశాల్లోనూ తయారవుతుంది. అక్కడి పల్లీతో అక్కడే చేయించండి అని అడుగుదాం. అసలు వద్దనడం మాత్రం పిల్లాడికి శిక్ష.

బ్రిటన్ నర్సు | బర్మింగ్‌హామ్ | ఆగస్టు 14

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నాను, తప్పులుంటే సరిపెట్టుకోండి.

ఇక్కడ నేను వెళ్లే చర్చిలో పెద్దవాళ్లు ఇప్పటికీ 1998 మే 16 గురించి చెప్తారు. జీ8 నాయకులు బర్మింగ్‌హామ్ వచ్చారు. పేద దేశాల అప్పులు రద్దు చేయమని 70 వేల మంది ఊరి నడుమ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డారు. ఆ ఉద్యమం పేరు జూబిలీ 2000. యాభయ్యో ఏట అప్పుపడి అమ్ముకున్న పొలం తిరిగి ఇచ్చేయాలి, బానిసను విడిచిపెట్టాలి అనే లేవీయకాండం 25లోంచి తీసుకున్న పేరు. ఆ తర్వాత కొన్నేళ్లలో పేద దేశాలకు వేల కోట్ల డాలర్ల అప్పు మాఫీ అయింది. కానుక పెట్టె ఎన్నిసార్లు తిప్పితే ఆ అప్పు తీరేది? ప్రభుత్వాలకు బాకీ ఉన్న అప్పును ప్రభుత్వాలే కొట్టేయాలి. ప్రభుత్వాలను కదిలించడానికి విశ్వాసులు వీధిలో నిలబడ్డారు.

ధనిక దేశాలు తమ ఆదాయంలో ఒక శాతం ఇవ్వాలని 1958లోనే ప్రపంచ చర్చిల మండలి అడిగింది. 1970లో ఐక్యరాజ్యసమితి 0.7 శాతం అని తీర్మానించింది. బ్రిటన్ 2013లో ఆ అంకె అందుకుంది, 2015లో చట్టమే చేసింది. 2021లో 0.5కు దించారు. 2025 ఫిబ్రవరిలో, రక్షణ ఖర్చు కోసం 2027 నాటికి 0.3కు దించుతామన్నారు. మా వార్డులో పనిచేసే సగం మందిమి సాయం తీసుకున్న దేశాల నుంచి వచ్చినవాళ్లమే. ఆ వార్త చూసిన రోజు ఎవరం ఎక్కువ మాట్లాడుకోలేదు.

లూసాకా లెక్కలు | జాంబియా | ఆగస్టు 14

నేను ఇక్కడ అకౌంటెంట్‌ని. ఇరవై ఏళ్లుగా ఈ దేశం ఉప్పు తింటున్నాను, అందుకని ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

దొంగతనం నిజం. అమెరికా ఉచితంగా ఇచ్చిన మందులు ఇక్కడ ప్రైవేటు దుకాణాల్లో అమ్ముతుంటే పట్టుకున్నారు. చెప్పి చెప్పి విసిగి, 2025 మే నెలలో అమెరికా రాయబారి 5 కోట్ల డాలర్ల మందుల సాయం ఆపేస్తున్నామని ప్రకటించారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ దొంగిలించినవాడికి జ్వరమొస్తే ప్రైవేటు ఆస్పత్రి ఉంది. నష్టపోయేది క్లినిక్ బెంచీ మీద కూర్చున్న ఆడమనిషి. మా ఇంట్లో వంటకు వచ్చే ఆవిడ పన్నెండేళ్లుగా ఆ మాత్రల మీదే బతుకుతోంది. 2025 జనవరిలో సాయం ఆగిందని రేడియోలో విన్న రోజు ఆవిడ సీసా తెచ్చి, మూత తీసి, నా ముందు టేబుల్ మీద మాత్రలు లెక్కపెట్టింది. ఇరవై మూడు. "ఇవి అయిపోతే?" అని అడిగింది. రోజు విడిచి రోజు వేసుకుంటే నలభై ఆరు రోజులు వస్తాయా అని కూడా అడిగింది. అలా చేయకూడదమ్మా అని చెప్పడం తప్ప నేనేం చేయగలను? ఆ తర్వాత ఆవిడకు మందు దొరికింది. దొరికేదాకా ఆవిడ నిద్రపోలేదు, నేనూ పోలేదు.

లెక్కల మనిషిగా నా మాట ఇది. దొంగతనం పట్టుబడిందంటే ఎవరో ఆడిట్ చేశారనే. ప్రభుత్వ డబ్బుకు ఆడిట్ ఉంది. మనం ఊళ్లో వాట్సాప్‌లో పోగుచేసి పంపే డబ్బుకు అది కూడా లేదు.

మాత్రల సీసా | హైదరాబాద్ | ఆగస్టు 14

లూసాకా అన్నా, ఆవిడ సీసా లేబుల్ మీద తయారీ హైదరాబాద్ అని ఉంటే నాకు చెప్పండి. ఊరికే, తెలుసుకోవాలని ఉంది.

లూసాకా లెక్కలు | జాంబియా | ఆగస్టు 14

చూశాను తమ్ముడూ. తెలంగాణ అని ఉంది.

హెచ్1 తల్లి | ఫ్రిస్కో | ఆగస్టు 15

నేను గుండ్లకమ్మ గారి సంఘమే. ఆదివారం సంతకం పెట్టకుండా వెళ్లిపోయినవాళ్లలో నేనూ ఉన్నాను. కారణం వచనాలు కాదండీ, టెన్షన్. మా వీసా రెన్యువల్ దగ్గరలో ఉంది. ఇప్పుడున్న వాతావరణంలో ప్రభుత్వానికి రాసే ఉత్తరం మీద పేరు ఉంటే ఏమవుతుందో అని మావారు భయపడ్డారు. మనసులో మాత్రం ఇవ్వాలనే ఉంది. ఇలాంటివాళ్లం ఏం చేయాలి?

గుండ్లకమ్మ | డల్లాస్ | ఆగస్టు 15

చెల్లెమ్మా, ఇన్ని రోజులూ నేను వచనాలతో వాదిస్తూ ఈ భయాన్ని అసలు చూడలేదు. క్షమించు. ఇక్కడ ఉండేవాళ్లెవరైనా తమ ప్రతినిధికి ఉత్తరం రాసుకోవచ్చు, పౌరులే అయి ఉండాలని లేదు. అయినా భయం భయమే. ఎవరినీ పెట్టమని అడగం. పౌరసత్వం ఉన్న కుటుంబాలు పేర్లు పెడతాయి. మిగతావాళ్ల తరఫున సంఘం సెక్రటరీ ఒక్క సంతకం చాలు. మీరు ప్రార్థన చేయండి, అది తక్కువ పనేమీ కాదు.

ఉత్తరాలకు విలువ లేదనుకోవద్దు. 2025 జూలైలో కాంగ్రెస్ దాదాపు 900 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకుంది, అందులో దాదాపు 800 కోట్లు విదేశీ సాయానివే. కానీ పెప్‌ఫార్ నుంచి తీయాలనుకున్న 40 కోట్లను సెనేటర్లు అడ్డుకుని పక్కన పెట్టించారు. అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టే అది మిగిలింది.

మెరక పొలం అన్నయ్యా, మీ మాటలు పట్టుకుని రెండో పేరా తిరగరాశాను. చూసి చెప్పండి:

"మేము పరిగె ఏరుకుని బతికిన కుటుంబాల నుంచి వచ్చాం. మా తాతలు ఒక కరువులో ప్రభుత్వ కూలితో, సంఘం కాపలాతో ప్రాణాలు నిలుపుకున్నారు. అందుకే అడుగుతున్నాం. రోజూ మందు వేసుకోవాల్సిన రోగికి మందు ఒక్క రోజు కూడా ఆగకుండా చూడండి. చిక్కిపోయిన పిల్లలకు ఆహారం ఇవ్వండి. ప్రతి డాలరుకూ ఆడిట్ పెట్టండి, దొంగను శిక్షించండి, కానీ దొంగ చేసిన పనికి రోగిని శిక్షించకండి. మా కానుకలు మేము ఇస్తూనే ఉంటాం. అవి ఈ పనికి చాలవని మాకు తెలుసు."

మెరక పొలం | న్యూజెర్సీ | ఆగస్టు 15

బలవంతం గురించి నా అభిప్రాయం మారలేదు తమ్ముడూ, దాని మీద మనం ఇంకా మాట్లాడుకోవాలి. కానీ "ఆహారం ఇవ్వండి" అన్న చోట "వీలైనంత వరకు అక్కడి రైతుల దగ్గరే కొన్న ఆహారం" అని రాయి. అలా మార్చి నాకు ఒక కాపీ పంపు. మా సంఘంలో ఆదివారం నేను చదువుతాను.